నుసి ఎక్కువైన కోకోపీట్, నిలబడని మిరప నారు: పల్నాడులో ఒక షేడ్‌నెట్ నర్సరీ కేసు

సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప నారు పెంపకం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం ముందు ఒక మాట. ఇక్కడ చాలామంది రైతులు తమకు నచ్చిన హైబ్రిడ్ విత్తనం తామే కొని తెచ్చి నర్సరీలో ఇస్తారు. నర్సరీ వాళ్లు దాన్ని కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) మిశ్రమం నింపిన 98 గుంతల ప్రోట్రేలలో (ప్లాస్టిక్ నారు ట్రేలు) వేసి, నెలా పది రోజులు పెంచి, మొక్కకి ఇంత అని తీసుకుని నారు అప్పగిస్తారు. 10 గ్రాముల ప్యాకెట్టు ఖరీదు రైతు నోటి మీదే ఉంటుంది. గ్రాముకి 150 గింజల పైనే ఉంటాయి కాబట్టి ఎన్ని మొక్కలు రావాలో కూడా ఆయన ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వస్తాడు. నారు చస్తే పోయేది రైతు విత్తనం, దెబ్బతినేది నర్సరీ మాట. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లకి జులై, ఆగస్టు నెలల్లో నిద్ర ఉండదు.

శ్రావణం మొదట్లో ఒక నర్సరీ యజమాని ఫోన్ చేశారు. మిరప బాగానే మొలుస్తోందని, మొదటి రెండాకులు విచ్చుకున్నాక మొదలు దగ్గర నీరు పట్టినట్టయి వాలిపోతోందని చెప్పారు. వాలకుండా మిగిలినవి ఎదగట్లేదు, కొత్తాకు పాలిపోయి వస్తోంది. వేసవిలో ఇదే ట్రేలలో, ఇదే మిశ్రమంలో టమాటా, వంగ నారు నిక్షేపంలా వచ్చింది కాబట్టి ఆయన అనుమానం విత్తనం మీదికి పోయింది. విత్తనం అమ్మినవాళ్లు వచ్చి చూసి, నీళ్లలో ఏదో ఉందన్నారు. మందుల షాపులో నారుకుళ్లు తెగులన్నారు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి పోయించారు, తర్వాత మెటలాక్సిల్ ఉన్న మందు పోయించారు. పోసినప్పుడల్లా రెండు మూడు రోజులు చావు ఆగినట్టు కనిపించడం, మళ్లీ మొదలవడం. పాలిపోయిన మొక్కలకి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు), సూక్ష్మపోషకాలు కూడా కొట్టారు. ఏమీ మారలేదు.

షాపులో చెప్పినదాంట్లో తప్పు లేదు. అది నారుకుళ్లే. కానీ ఆ తెగులు అక్కడ అంత హాయిగా కాపురం పెట్టడానికి కారణం ఇంకొకటి ఉంది.

షేడ్‌నెట్ లోపలికి వెళ్లగానే కనిపించింది ట్రేల మీద పచ్చటి నాచు. చెయ్యి ఊపితే నారు మీంచి చిన్న చిన్న నల్ల దోమలు లేచాయి. వీటి పిల్ల పురుగులు తడి ఆరని మీడియంలోనే, అంటే ట్రే నింపే మిశ్రమంలోనే బతుకుతాయి, లేత వేళ్లని కూడా కొరుకుతాయి. ట్రేలన్నీ నేల మీద పరిచిన నల్ల మల్చింగ్ షీటు మీద ఉన్నాయి. షీటు కింద నేల అక్కడక్కడా పల్లంగా ఉండటంతో ట్రేల అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. షేడ్‌నెట్ ఎండని తగ్గిస్తుంది గానీ వానని ఆపదు కదా. పైన పాలిథిన్ లేదు. ముసురు పట్టిన నాలుగు రోజులూ ఆ ట్రేలు తడుస్తూనే ఉన్నాయి.

అక్కడ ట్రేలు నింపే పెద్దామె ఒకరున్నారు. నేను ఒక్కో ట్రే ఎత్తి చూస్తుంటే ఆవిడ దగ్గరికొచ్చి, "సారూ, అంచు గుంతల్లో మొక్క పోవట్లేదు చూడండి. నడిమధ్యే పోతావుంది" అన్నారు. నిజమే. ప్రతి ట్రేలో చుట్టూ ఉన్న వరసలు పచ్చగా ఉన్నాయి, మధ్యలో బట్టతలలా ఖాళీ. విత్తనమే చెడ్డదైతే అంచు గుంతలో మంచి గింజలు, మధ్య గుంతలో చెడ్డ గింజలు పడవు. అంచు గుంతలకి పక్కనుంచి గాలి తగిలి తొందరగా ఆరతాయి, అంతే తేడా. ఆవిడే ఇంకోటి చూపించారు. షీటు చాలక చివర్లో కొన్ని ట్రేలు వట్టి నేల మీద పెట్టారట. అదే విత్తనం, అదే రోజు వేసింది. వాటిలో నారు దాదాపు పూర్తిగా నిలిచింది. ఈ రెండు సంగతులు విన్నాక నా దృష్టి మందుల మీంచి పూర్తిగా మీడియం మీదికి మళ్లింది.

మధ్య గుంతలోంచి ఒక మొక్కని మెల్లగా పైకి లాగాను. వేరు గడ్డ రాలేదు, మొక్క ఒక్కటే ఊడొచ్చింది. ఆ వయసు మిరపకి తెల్లటి వేళ్లు గడ్డ చుట్టూ అల్లుకోవడం మొదలవ్వాలి. దీనికి పైన రెండు సెంటీమీటర్ల దాకా వేళ్లున్నాయి, అక్కడి నుంచి కింద గోధుమ రంగుకి తిరిగి, పట్టుకుంటే పై తొక్క ఊడి లోపలి దారం మిగిలింది. గుంత అడుగునున్న పీట్‌ని వేలితో తీసి చూస్తే చిక్కటి బురద, మురుగు వాసన. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దితే పీచు తగల్లేదు, చెక్క రేణువు తగల్లేదు, తడి కాఫీ పొడిలా జారింది. ఉప్పు ఎంతుందో చూపే ఈసీ మీటరు పెట్టి చూశాను. ఉప్పు సమస్య కాదు, పీట్ బాగా కడిగిందే.

మెత్తగా ఉంటే మంచిదన్న నమ్మకం

మిశ్రమం ఎలా కలుపుతున్నారని అడిగితే యజమాని ఎంతో శ్రద్ధగా చెప్పారు. 5 కిలోల కోకోపీట్ దిమ్మని నీళ్లలో నానబెట్టి విడదీస్తారు. ఆరాక సన్న జల్లెడ పడతారు. పైన మిగిలిన పీచు, ముక్కలు పారేసి కిందికి దిగిన మెత్తటి పొడే వాడతారు. దానికి జల్లించిన వర్మీకంపోస్టు మూడో వంతు, నీరు బాగా దిగడానికని కాస్త సన్న ఇసుక. షెడ్డు వెనక పారేసిన పీచు కుప్ప నడుం ఎత్తున ఉంది.

ఇది ఆయన ఒక్కరి అలవాటు కాదు. లేత మొక్కకి మెత్తటి పడక కావాలి, మట్టి ఎంత సన్నగా ఉంటే వేరు అంత సులువుగా దిగుతుంది అన్న నమ్మకం మన నర్సరీల్లో గట్టిగా ఉంది. నారుమడిలో గడ్డలు చితక్కొట్టి మట్టి గుల్ల చేసే అలవాటు నుంచి వచ్చింది అది. మడిలో అది సరైన పనే. అక్కడ కింద అడుగుల లోతున నేల ఉంది, నీరు కిందికి పోవడానికి దారి ఉంది. ట్రే గుంత లోతు 4 సెంటీమీటర్లు. అక్కడ లెక్క వేరు.

మెత్తదనం పొడిగా ఉన్నప్పుడు చేతికి తెలిసేది. వేరుకి కావాల్సింది తడిసిన తర్వాత మిగిలే గాలి. ఈ రెండింటికీ సంబంధం ఉందనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. పొడి కోకోపీట్ నుసిని గుప్పిట్లోకి తీసుకుంటే పట్టులా ఉంటుంది. దాన్నే తడిపి గుంతలో పోస్తే రేణువుల మధ్య ఉన్న సందులన్నీ సన్నవే కాబట్టి ప్రతి సందులోనూ నీరే నిలుస్తుంది. వర్మీకంపోస్టు కూడా సన్న పదార్థమే, మూడో వంతు కలిపితే మిగిలిన సందులు అదే పూడుస్తుంది. ఇక సన్న ఇసుక. ఇసుక కలిపితే నీరు దిగుతుందన్న మాట అందరం వింటూ పెరిగాం. రేగడి మట్టి వేరు, కోకోపీట్ వేరు. పీట్ రేణువుల మధ్య ఉన్న సందులోకి సన్న ఇసుక చక్కగా వెళ్లి కూర్చుంటుంది. గాలి ఉండాల్సిన చోట రాయి చేరుతుంది. బరువు పెరుగుతుంది, పారుదల పెరగదు. ముతక ఇసుక ఎక్కువ పాళ్లలో వేస్తే తప్ప దానివల్ల ఉపయోగం లేదు, అంత వేస్తే ట్రే ఎత్తడానికి మనిషి చాలడు.

పెరుగు కప్పు పరీక్ష

మాటలతో ఒప్పించేకంటే కళ్లతో చూపిస్తే నయం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. గుంత లోతుకి దగ్గరగా ఉండే చిన్న ప్లాస్టిక్ పెరుగు కప్పు, ఒక టేపు, సూది లేని సిరంజి, ఒక గ్లాసు చాలు. కప్పు లోతు ముఖ్యం. బకెట్టులో చేస్తే ఇదే మీడియం చాలా బాగున్నట్టు కనిపిస్తుంది, కారణం కింద చెప్తాను.

కప్పు అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి టేపుతో మూశాం. ముందు కప్పు నిండా ఎంత నీరు పడుతుందో సిరంజితో కొలుచుకున్నాం. తర్వాత ట్రే నింపినట్టే చెమ్మగా ఉన్న మిశ్రమం నింపి, రెండుసార్లు బల్లకి తట్టి, నొక్కకుండా అంచుకి సమం చేశాం. పక్క నుంచి మెల్లగా నీరు పోస్తూ పైన తడి మెరుపు కనబడేదాకా నింపాం. బుడగలు రావడం ఆగేదాకా ఉండి, తగ్గినంత మళ్లీ పోశాం. అప్పుడు గ్లాసు మీద పెట్టి టేపు తీసేశాం. పది నిమిషాల్లో గ్లాసులోకి కారిన నీరు ఎంతో, ఆ మీడియంలో అంత గాలి చోటు ఉన్నట్టు. 200 మి.లీ. కప్పులోంచి 20 మి.లీ. కారితే నూటికి పది పాళ్లు.

ఈ పరీక్షలో నేను పెట్టుకున్న హద్దు ఇది: ట్రే మీడియంలో పదికి తగ్గకూడదు, పదిహేను దగ్గర ఉంటే నిశ్చింత. పాతిక దాటితే గింజ చుట్టూ తడి నిలవక మొలక ఎగుడుదిగుడుగా వస్తుంది. ఆ నర్సరీ మిశ్రమం ఉన్న కప్పుకి టేపు తీశాక నాలుగు చుక్కలు పడ్డాయి, ఆగిపోయింది. యజమాని కప్పుని ఊపి చూశారు, చిల్లులు మూసుకుపోయాయేమోనని సూదితో పొడిచారు. ఇంకో చుక్క పడలేదు.

"మరి నీళ్లేవి సార్, లోపలే ఉన్నాయా?" అన్నారు.

లోపలే ఉన్నాయి. అదే అసలు కథ.

అడుగున ఆగిపోయే నీరు

పాత్ర అడుగున చిల్లు ఉంటే నీరంతా దిగిపోతుందనుకుంటాం. దిగదు. మీడియం రేణువులు నీటిని పట్టి ఉంచే బలం, భూమి కిందికి లాగే బలం రెండూ సరితూగే చోట నీరు ఆగిపోతుంది. అందువల్ల ఏ కుండీలోనైనా అడుగున కొంత మందాన పూర్తిగా నీటితో నిండిన పొర మిగులుతుంది. ఆ పొర మందం కుండీ ఎత్తు మీద ఆధారపడదు, మీడియం ఎంత సన్నదో దాని మీద ఆధారపడుతుంది. రేణువు సన్నదైతే పొర మందం ఎక్కువ, ముతకదైతే తక్కువ. అడుగున్నర ఎత్తున్న సంచిలో అడుగున మూడు సెంటీమీటర్లు నీరు నిలిచినా మొక్కకి పట్టదు. నాలుగు సెంటీమీటర్ల గుంతలో మూడు సెంటీమీటర్లు నిలిస్తే వేరుకి మిగిలింది పైన ఒక్క సెంటీమీటరు.

గిన్నెలు తోమే స్పాంజిని బాగా తడిపి అరచేతిలో పడుకోబెట్టి పట్టుకుంటే నీరు కారడం కాసేపటికి ఆగుతుంది. పిండకుండా అలాగే నిలువుగా తిప్పి పట్టుకుంటే మళ్లీ కారుతుంది. స్పాంజి మారలేదు, చిల్లులు మారలేదు, ఎత్తు మారింది. బకెట్టులో బాగున్న మీడియం గుంతలో ఎందుకు బురదవుతుందో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు తెలియదు. యజమానికి వంటింటి స్పాంజితోనే చూపించాను.

నేల మీద పెట్టిన ట్రేలు ఎందుకు బతికాయో కూడా ఇందులోనే ఉంది. గుంత అడుగు చిల్లు నేలకి ఆని ఉంటే కింద మట్టి ఆ నీటిని పీల్చుకుంటుంది, నాలుగు సెంటీమీటర్ల గుంతకి కింద నేల లోతంతా తోడవుతుంది. షీటు మీద పెడితే ఆ దారి మూసుకుపోతుంది. అలాగని ట్రేలు నేల మీద పెట్టమని నేను ఎవరికీ చెప్పను. వేళ్లు నేలలోకి దిగిపోతాయి, ఎత్తేటప్పుడు తెగుతాయి, నేల తెగుళ్లు ట్రేలోకి వస్తాయి.

నీటిలో ఆక్సిజన్ కదిలే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. నీరు నిండిన పొరలో వేరు ఊపిరాడక ముందు ఎదగడం ఆపుతుంది, తర్వాత చస్తుంది. ఇనుము తీసుకోలేక కొత్తాకు పాలిపోతుంది. పైన ఎన్ని పోషకాలు కొట్టినా పీల్చుకునే వేరు లేదు. నారుకుళ్లు తెచ్చే పిథియం బీజాలు నీటిలో ఈదుతూ పోయే రకం, వాటికి గుంత గుంతకీ చెరువు దొరికినట్టయింది. పైగా తెగులు మందు పోసిన ప్రతిసారీ ట్రేకి ఇంకొంచెం నీరు చేరింది. మందు కాసేపు పనిచేసింది, నీరు అలాగే మిగిలింది. వేసవిలో ఇదే మిశ్రమం ఎందుకు పనిచేసిందంటారా, అప్పుడు పల్నాడు ఎండ, వడగాలి ఆ నీటిని పూటకి పూట లాగేసేవి. నుసి పట్టి ఉంచిన తడే అప్పుడు నారుని కాపాడింది. ముసురులో అదే చంపింది.

పక్కపక్కనే నాలుగు మిశ్రమాలు

ఒకే ప్యాకెట్టు విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒకే బల్ల. మొదటి రకం వాళ్ల పాత మిశ్రమం. రెండోది అందులోంచి ఇసుక తీసేసి, వర్మీకంపోస్టు పదో వంతుకి తగ్గించింది. మూడోది రెండు జల్లెడల పీట్, పదో వంతు వర్మీకంపోస్టు. నాలుగోది మూడోదానికే ఐదో వంతు పెర్లైట్ (వేడితో ఉబ్బించిన తేలికైన తెల్ల రాతి గుళికలు) కలిపింది.

రెండు జల్లెడలంటే, ముందు వేలు దూరేంత కన్నాలున్న జాలీ మీద పోసి పొడుగు పీచు, గడ్డలు తీసేస్తాం. దిగినదాన్ని సన్న జల్లెడ పట్టి, ఈసారి కిందికి రాలిన నుసిని పక్కన పెట్టేస్తాం. జల్లెడ మీద మిగిలినదే మనకి కావాల్సింది. అంటే ఆ నర్సరీలో ఇన్నాళ్లూ పారేస్తున్న సరుకులో ఎక్కువ భాగం ఇప్పుడు ట్రేలోకి, ట్రేలోకి పోతున్నది పక్కకి. పొడుగు పీచు మాత్రం వద్దు. ఉండలు కట్టుకుని కొన్ని గుంతల్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ పడుతుంది, నారు లాగేటప్పుడు పక్క గుంతని కూడా పట్టుకొస్తుంది.

మొలక నాలుగింటిలోనూ దాదాపు ఒక్కలాగే వచ్చింది. నాలుగోదాంట్లో కాస్త వెనకబడింది. తేడా మొలిచాక బయటపడింది. పాత మిశ్రమంలో మళ్లీ అదే వాలిపోవడం, మధ్యలో అదే బట్టతల. రెండోదాంట్లో చావు తగ్గింది గానీ వాన పడిన వారంలో మళ్లీ కనిపించింది. నుసి అలాగే ఉంది కాబట్టి నేను అంతకంటే ఎక్కువ ఆశించలేదు. మూడు, నాలుగు రకాల్లో నారు నిలిచింది. మూడో వారం దాటాక మొక్క పట్టుకుని లాగితే గడ్డ మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది, అడుగు దాకా తెల్లటి వేళ్లు. పాత మిశ్రమం మొక్క పక్కన పెట్టి చూపిస్తే, ఆ పెద్దామె రెండు గడ్డలూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది మన్ను వాసన, అది కుడితి వాసన" అన్నారు.

వేళ్ల ఒత్తుదనం నాలుగోదాంట్లోనే ఎక్కువ. అయినా నేను మూడోదే ఖాయం చేయించాను. పెర్లైట్ ఖరీదు, తేలిక కాబట్టి నీరు పోసినప్పుడు పైకి తేలుతుంది, ఎండ కాసిన రోజు మధ్యాహ్నానికే ఆ ట్రేలు వాడిపోతాయి. పీట్ రేణువు సరిగ్గా ఉంటే మిరపకి పెర్లైట్ లేకుండా జరిగిపోతుందని నా అభిప్రాయం. కొనే ప్రతి సంచీ మొక్క ధర మీదే పడుతుంది కదా.

రేణువు మార్చడంతో పని అయిపోదు

మంచి మీడియాన్ని కూడా నింపే తీరుతో పాడుచేయొచ్చు. అక్కడ ట్రే నింపాక అరచేత్తో గట్టిగా అదిమి, తగ్గినచోట మళ్లీ పోసి అదిమేవాళ్లు. అదిమితే పెద్ద సందులే ముందు మూసుకుంటాయి, గాలి ఉండేది వాటిలోనే. ఇప్పుడు నింపి, ట్రేని ఒకసారి నేలకి తట్టి, చెక్కతో సమం చేసి వదిలేస్తున్నారు. గింజకి అర సెంటీమీటరు గుంట చాలు.

విత్తాక మొలక కోసం ట్రేలని ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పడం మామూలే. ఒకే వాటంగా పేరిస్తే పై ట్రే గుంతలు కింద ట్రే గుంతల్లోకి దిగి మీడియాన్ని అణిచేస్తాయి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం పెట్టించాం.

నింపేముందు తడి కూడా చూడాలి. పొడి పీట్ నింపితే నీరు పోసినప్పుడు కుంగిపోతుంది, గుంత సగానికి దిగుతుంది. గుప్పిట బిగిస్తే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి, ధారగా కారకూడదు.

షీటు మీంచి ట్రేలని లేపి ఇనప ఫ్రేములకి కట్టిన జాలీ బల్లల మీద పెట్టించాను. అడుగు చిల్లుకి గాలి తగిలితే వేరు కొస అక్కడే ఆగి లోపల కొమ్మలు వేస్తుంది. వానాకాలం మూడు నెలలకి షేడ్‌నెట్ పైన పాలిథిన్ షీటు వేశారు. ఖర్చు ఎక్కువైంది దీనికే. నీరు పెట్టడానికి గడియారం చూడటం మాన్పించి, ట్రే బరువు చూడటం నేర్పించాం. పొద్దున్నే నాలుగు ట్రేలు ఎత్తి చూస్తే చాలు, తేలికైనవాటికే నీరు. తెగులు బూజుల్ని అణిచే మేలు బూజు ట్రైకోడెర్మా విరిడి కలపడం కొనసాగించమన్నాను. తర్వాత బ్యాచ్‌లలో నారుకుళ్లు అక్కడక్కడా ఒకటీ అరా గుంతల్లో కనిపించి ఆగిపోయింది, మందు పోయాల్సిన అవసరం రాలేదు.

ఇదే కొలత అన్ని మొక్కలకీ పట్టదు

ఈ కేసు విన్న మరో నర్సరీ వాళ్లు పొగాకు ట్రేలకి కూడా ఇదే ముతక పీట్ వాడదామన్నారు. వద్దన్నాను. పొగాకు గింజ గ్రాముకి పదివేల పైనే ఉంటుంది, దుమ్ములా ఉంటుంది. ముతక రేణువుల సందులోంచి లోపలికి జారిపోతే మళ్లీ పైకి రాలేదు. అలాంటి గింజకి కింద ఇదే మీడియం ఉంచి, పైన పలుచగా మెత్తటి పొర వేసి దాని మీద చల్లాలి. గింజ ఎంత చిన్నదైతే దాన్ని ఆనుకునే పై పొర అంత సన్నగా ఉండాలి. వేరు దిగే కింది భాగానికి గాలి కావాలి.

బొప్పాయి, పుచ్చ లాంటివాటికి 50 గుంతల ట్రే వాడతారు, గుంత పెద్దది కాబట్టి కాస్త ముతకది తట్టుకుంటుంది. కడియం నర్సరీల్లోలా ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి సంచుల్లో పెంచే మొక్కలకి సంచి ఎత్తే సగం పని చేసిపెడుతుంది. అయితే సంచి అడుగున కంకర పోసే అలవాటు మాత్రం మానాలి. నీరు నిండిన పొర కంకరలోకి దిగదు, కంకర పైన మట్టిలోనే ఆగుతుంది. వేరుకి ఉన్న లోతు అంతమేరకు తగ్గుతుంది.

పక్కన పెట్టిన నుసిని పారేయొద్దని చెప్పాను. మార్చి, ఏప్రిల్‌లో టమాటా, వంగ నారు వేసేటప్పుడు నాలుగో వంతు దాకా తిరిగి కలుపుకోవచ్చు, అప్పుడు దాని తడి మనకి కావాలి. ఎంత కలపాలో ఆ రోజు పెరుగు కప్పే చెప్తుంది. కారిన నీరు పదికి తగ్గితే ఇంక కలపొద్దు. యజమాని ఇప్పుడు కొత్త లోడు వచ్చిన ప్రతిసారీ దిమ్మల్లోంచి ఒకటి విడదీసి, కప్పు పరీక్ష చేసి, ఫలితం గోడ మీద సుద్దతో రాసుకుంటున్నారు. ఒకే పేరుతో వచ్చిన లోడుల్లోనే తేడాలు కనిపిస్తున్నాయని, నుసి ఎక్కువున్న లోడుకి బేరం చేసి ధర తగ్గిస్తున్నానని చెప్పారు.